పాత లారీ పంపు టైమింగ్: డిగ్రీల లెక్క ఎక్కడ తప్పుతుంది?

లారీ ఎత్తు ఎక్కడం లేదని, పొగ ఎక్కువైందని, డీజిల్ తాగేస్తోందని డ్రైవర్ ఏ ఒక్క మాట చెప్పినా షెడ్డులో ముందుగా వినిపించే జవాబు ఒకటే: "టైమింగ్ పోయింది." ఆ వెంటనే డీజిల్‌ను నాజిళ్లకు నెట్టే పంపు బోల్టులు వదులు చేసి, పంపును కాస్త జరిపి, శబ్దం మారిందని అనిపించగానే బిగించేస్తారు. ఆ సాయంత్రం లారీ హుషారుగానే వెళ్తుంది. కొన్నాళ్లకు హెడ్డు గాస్కెట్ పోతుంది, లేదంటే ఒక పిస్టన్ తల కాలిపోతుంది. అప్పుడు నింద గాస్కెట్ మీదో, పిస్టన్ కంపెనీ మీదో పడుతుంది. పంపు జరిపిన సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

గేర్లతో తిరిగే పంపుకు టైమింగ్ దానంతట అదే ఊరికే మారిపోదు. మారిందంటే ఎవరో విప్పి ఉండాలి, ఒక బోల్టు వదులై ఉండాలి, లేదా లోపల ఏదో అరిగి ఉండాలి. అందువల్ల టైమింగ్‌ను కొలిచి చూడటం సరైన పనే. కానీ దాన్ని మార్చడం మాత్రం అన్నిటికంటే చివరి పని. ఈ వరుసను తలకిందులు చేయడం వల్లే మన పాత లారీ ఇంజన్లు చాలా అకాలంగా బోరుకు, అంటే సిలిండర్లు మళ్లీ చెక్కించే పనికి, వస్తున్నాయి.

ఇక్కడ చెప్పేది ఎలక్ట్రానిక్ కంట్రోల్ లేని డీజిల్ లారీల గురించి. 1954లో టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీల తయారీ మొదలుపెట్టింది. ఆ వారసత్వంలోంచి వచ్చిన 692, 697 ఇంజన్లు దశాబ్దాల పాటు మన రోడ్ల మీద బరువులు మోశాయి. ఆ అంకెల్లోనే వాటి చిరునామా ఉంది. 697 అంటే ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. 128 మిల్లీమీటర్ల స్ట్రోకుతో కలిపి లెక్కిస్తే 5,675 సీసీ. వాటికి పోటీగా అశోక్ లేలాండ్ ఇంజన్లు ఉండేవి. ఈ ఇంజన్లకు వరుసగా ఆరు ప్లంజర్లు, అంటే డీజిల్‌ను నెట్టే సన్నని కడ్డీలు, ఉండే ఇన్‌లైన్ పంపును బిగించేవారు. బాష్ కంపెనీ 1927లో భారీ ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టిన పంపుల వంశమే అది. 1951లో మొదలైన మైకో కంపెనీ వాటిని బెంగళూరులో తయారు చేసింది. ఇవాళ బీఎస్-6 లారీలో ఇంజెక్షన్ ఎప్పుడు మొదలవ్వాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది, బోల్టు తిప్పి మార్చేది ఏమీ లేదు. అయినా ఇటుక బట్టీల దగ్గర, రైసు మిల్లుల దగ్గర, నీళ్ల ట్యాంకర్ల కింద పాత ఇంజన్లు ఇంకా పని చేస్తూనే ఉన్నాయి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల వాటికి ఇప్పటికీ మంచి పనివాళ్లున్నారు.

టైమింగ్ అంటే దేని సమయం?

పెట్రోల్ ఇంజన్‌లో టైమింగ్ అంటే స్పార్క్ పడే క్షణం. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ లేదు. పిస్టన్ పైకి వస్తూ గాలిని పదిహేను, పదిహేడు రెట్లు నొక్కేస్తుంది. ఆ ఒత్తిడికి గాలి ఐదారు వందల డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ వేడిలోకి నాజిల్ డీజిల్‌ను తుంపరగా చిమ్ముతుంది. కాబట్టి ఇక్కడ టైమింగ్ అంటే ఆ చిమ్మడం మొదలుకావలసిన క్షణం. పిస్టన్ పైకొసకు, అంటే మెకానిక్కుల భాషలో టాప్‌కు, రావడానికి ఇంకా ఎన్ని డిగ్రీలు ఉండగా పంపు డీజిల్‌ను నెట్టడం మొదలుపెట్టాలన్నదే ఆ లెక్క. పాత లారీ ఇంజన్లలో ఇది స్థూలంగా 15 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటుంది. కచ్చితమైన అంకె ఇంజన్ నమూనాకొకటి. ఒకే ఇంజన్‌లో కూడా పంపు మారితే, నాజిల్ మారితే, టర్బో వస్తే ఆ అంకె మారిపోతుంది. పక్క లారీకి పెట్టిన అంకెను మన లారీకి పెట్టకూడదనడానికి కారణం ఇదే. ఇంజన్ పలకలోనో, వర్క్‌షాప్ మాన్యువల్‌లోనో ఉన్న అంకె ఒక్కటే ప్రమాణం.

అసలు టాప్‌కు అన్ని డిగ్రీలు ముందే ఎందుకు? డీజిల్ పడిన మరుక్షణం మండదు. తుంపర ఆవిరై, గాలితో కలిసి, వేడెక్కి అంటుకోవడానికి కొంత వ్యవధి కావాలి. స్థూలంగా ఒక మిల్లీసెకను అనుకుందాం. ఇంజన్ నిమిషానికి 600 సార్లు తిరుగుతుంటే ఒక మిల్లీసెకనులో క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్టు, 3.6 డిగ్రీలే కదులుతుంది. 2,400 సార్లు తిరుగుతుంటే అదే మిల్లీసెకనులో 14.4 డిగ్రీలు దాటిపోతుంది. దీనికి పైపు ఆలస్యం కూడా తోడవుతుంది. పంపు దగ్గర పుట్టిన ఒత్తిడి నాజిల్ దాకా చేరేది సెకనుకు సుమారు 1,300 నుంచి 1,400 మీటర్ల వేగంతో. అరవై సెంటీమీటర్ల పైపులో ఆ ప్రయాణానికి దాదాపు 0.45 మిల్లీసెకను పడుతుంది. 2,400 దగ్గర అది ఆరున్నర డిగ్రీలతో సమానం.

పాత లారీ బానెట్ తెరిచి చూస్తే, పంపుకు దగ్గరగా ఉన్న సిలిండర్‌కు వెళ్లే పైపు కూడా అనవసరంగా మెలికలు తిరిగి కనిపిస్తుంది. ఆ మెలిక అనవసరం కాదు. ఆరు పైపులూ ఒకే పొడవు ఉండాలని, ఆరు సిలిండర్లకూ ఆలస్యం ఒకేలా ఉండాలని అలా వంచుతారు. పగిలిన పైపు స్థానంలో చేతికి దొరికిన పొట్టి పైపు వేసి, "బాగానే బిగిసింది" అనుకునే వారికి ఇది తెలియాలి. అక్కడితో ఆ ఒక్క సిలిండర్ టైమింగ్ మిగతా ఐదింటితో విడిపోతుంది. పంపును ఎటు తిప్పినా అది సరికాదు.

మంట ముదిరి ఒత్తిడి పతాకస్థాయికి చేరేది పిస్టన్ టాప్ దాటి పది డిగ్రీలకు అటూ ఇటూ వచ్చినప్పుడైతే బలమంతా క్రాంకును తిప్పడానికి పనికొస్తుంది. ఒకే రోట్లో ఇద్దరు దంపేటప్పుడు ఒకరి రోకలి తొందరపడితే రెండూ ఢీకొంటాయి. అడ్వాన్స్ ఎక్కువైన, అంటే డీజిల్ మరీ ముందే చిమ్మే, ఇంజన్‌లో జరిగేది అదే. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట దాన్ని కిందికి కొడుతుంది. ఠంఠం అనే గట్టి శబ్దం, బేరింగుల మీద దెబ్బ, రింగులు విరగడం, గాస్కెట్ పోవడం, పిస్టన్ తల కాలడం అన్నీ దాని పర్యవసానాలే. రిటార్డ్ అయితే, అంటే చిమ్మడం ఆలస్యమైతే, అందుకు భిన్నం. పిస్టన్ దిగిపోతుండగా మంట మొదలవుతుంది. బలం సగం సైలెన్సర్‌లోంచి వేడిగా బయటికి పోతుంది. లోడు లాగదు, రేడియేటర్ నీళ్లు మరుగుతాయి, ఎగ్జాస్ట్ వాల్వులు కాలతాయి. ఉదయం స్టార్ట్ చేయగానే కళ్లు మండించే తెల్లటి పొగ చాలాసేపు వస్తుంది.

పొగ రంగు చెప్పే సంగతి ఎంతవరకు?

తెల్లటి పొగ మండని డీజిల్. నీలం పొగ కాలుతున్న ఇంజన్ ఆయిల్. నల్ల పొగ అంటే డీజిల్ ఎక్కువైనా కావచ్చు, గాలి తక్కువైనా కావచ్చు. నల్ల పొగ చూడగానే పంపు జోలికి వెళ్లడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. పది లారీల్లో నల్ల పొగ వస్తే, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం, నాజిల్ కారడం, ఇంజన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ దగ్గర ఎవరో స్క్రూ తిప్పి డీజిల్ పెంచడం వంటివే ఎక్కువ లారీల్లో కారణాలవుతాయి. తెల్ల పొగ కూడా టైమింగ్ ఒక్కదాని గుర్తు కాదు. కంప్రెషన్ పడిపోయిన సిలిండర్, తుంపర చేయక చుక్కలు కార్చే నాజిల్ కూడా అదే పొగ ఇస్తాయి.

కొలవడానికి ముందు దాటవలసిన మెట్లు కొన్ని ఉన్నాయి. గాలి సాఫీగా లోపలికి వస్తోందా? డీజిల్ ఫిల్టర్లు శుభ్రంగా ఉన్నాయా? లైనులో ఎక్కడైనా ఎయిర్ పడుతోందా? ట్యాపెట్ల సందు, అంటే వాల్వుల దగ్గర వదిలే ఖాళీ, మాన్యువల్ ప్రకారం ఉందా? నాజిళ్లను టెస్టర్ మీద పెట్టి చూశారా? వీటిలో నాజిల్ అత్యంత ముఖ్యం. సిలిండర్‌లోకి నేరుగా చిమ్మే ఇంజన్లలో నాజిల్ తెరుచుకునే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోల స్థాయిలో ఉంటుంది. స్ప్రింగు అలసిపోయి అది తగ్గితే నాజిల్ ముందే తెరుచుకుంటుంది. అంటే పంపును ముట్టుకోకుండానే ఇంజెక్షన్ అడ్వాన్స్ అయిపోతుంది. నాజిల్ ఒత్తిడి సరిచేయకుండా పంపు టైమింగ్ సరిచేయడం వృథా శ్రమ. రేపు నాజిళ్లు మార్చగానే లెక్క మళ్లీ తప్పుతుంది. టెస్టర్ దగ్గర ఒక జాగ్రత్త. చిమ్మే నాజిల్ ముందు చేయి పెట్టకూడదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది. చూడటానికి సూది గుచ్చినంతే ఉన్నా అది వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన గాయం.

మూడు టైమింగులు, మూడు చోట్లు

"టైమింగ్" అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులను కలిపేయడం వల్ల గందరగోళం పుడుతోంది. ఒకటి వాల్వు టైమింగ్. క్రాంకు గేరుకు, క్యామ్ గేరుకు మధ్య పళ్ల మీద గుర్తులుంటాయి. ఇంజన్ కట్టేటప్పుడు ఆ గుర్తులు కలిపితే చాలు, మళ్లీ ఇంజన్ విప్పేదాకా అది మారదు. రెండోది పంపుకూ ఇంజన్‌కూ మధ్య సంబంధం. షెడ్డులో సరిచేయగలిగేది, ఈ వ్యాసమంతా మాట్లాడేది దీని గురించే. మూడోది పంపు లోపల ఒక్కో ప్లంజర్‌కూ మధ్య ఉండే తేడా. ఆరు సిలిండర్ల పంపులో ఒక ప్లంజర్ తర్వాత ఇంకొకటి సరిగ్గా 60 డిగ్రీలకు పని మొదలుపెట్టాలి. అందులో అర డిగ్రీకి మించి తేడా ఉండకూడదు. ఇది టెస్ట్ బెంచ్ మీద మాత్రమే తేలే విషయం. ఇంజన్ మీద పంపును ఎంత తిప్పినా మూడో లోపం పోదు. ఒక సిలిండర్ మాత్రమే కొడుతుంటే అనుమానం ఈ మూడో దాని మీదకో, ఆ సిలిండర్ నాజిల్ మీదకో పోవాలి.

ఇంకో చిక్కు డిగ్రీల దగ్గరే ఉంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంకు రెండు చుట్లు తిరిగితే పంపు ఒక్క చుట్టు తిరుగుతుంది. మాన్యువల్‌లో ఇచ్చేది క్రాంకు డిగ్రీలు. పంపును రెండు డిగ్రీలు జరిపితే ఇంజన్ టైమింగ్ నాలుగు డిగ్రీలు మారుతుంది. యాభై మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో బోల్టులున్న ఫ్లాంజిని, అంటే పంపును ఇంజన్‌కు బిగించే అంచును, ఒక్క మిల్లీమీటరు జరిపామనుకోండి. పంపు 1.15 డిగ్రీలు కదిలింది, క్రాంకు లెక్కలో అది 2.3 డిగ్రీలు. కంటికి గోరంత కూడా అనిపించని ఆ కదలికతో ఇంజన్ స్వభావమే మారిపోతుంది. "కాస్త" జరిపానని చెప్పే మెకానిక్ నిజానికి ఎన్ని డిగ్రీలు జరిపాడో ఆయనకే తెలియకపోవడానికి కారణం ఇదే.

ఒకటో సిలిండర్ టాప్

కొలత మొదలయ్యేది ఒకటో సిలిండర్‌ను కంప్రెషన్ టాప్‌కు తీసుకురావడంతో. పిస్టన్ రెండు చుట్లలో రెండుసార్లు టాప్‌కు వస్తుంది. ఒకసారి కంప్రెషన్ చివర, మరోసారి ఎగ్జాస్ట్ చివర. పుల్లీ మీది గుర్తు రెండు సందర్భాల్లోనూ ఒకే చోట నిలబడుతుంది. దాన్ని నమ్ముకుని పంపు ఎక్కిస్తే సగానికి సగం మంది తప్పుతారు. అప్పుడు ఇంజన్ ఎంత తిప్పినా స్టార్ట్ కాదు, సైలెన్సర్‌లోంచి తెల్లగా డీజిల్ ఆవిరి వస్తుంది.

దీనికి మంచి మేస్త్రీలు వాడే ఉపాయం చాలా సులువైనది. ట్యాపెట్ కవరు తీసి ఆరో సిలిండర్ రాకర్ల వైపు, అంటే వాల్వులను తెరిచే మీటల వైపు, చూస్తారు. 1-5-3-6-2-4 వరుసలో మండే ఇంజన్‌లో ఒకటి, ఆరు జంట సిలిండర్లు. రెండు పిస్టన్లూ కలిసే పైకి వస్తాయి. ఆరో సిలిండర్‌లో ఎగ్జాస్ట్ వాల్వు మూసుకుంటూ ఇన్‌లెట్ తెరుచుకుంటూ రెండు రాకర్లూ ఊగుతున్నాయంటే అక్కడ ఎగ్జాస్ట్ పూర్తయింది. అంటే ఒకటో సిలిండర్ మండటానికి సిద్ధంగా ఉంది. దాని రెండు రాకర్లూ చేత్తో కదిపితే సందుతో వదులుగా ఆడతాయి.

ఇక ఆ గుర్తునే ఎంతవరకు నమ్మాలి? కొన్ని ఇంజన్లలో డిగ్రీల గీతలు ముందు పుల్లీ మీద ఉంటాయి, కొన్నింటిలో ఫ్లైవీల్ మీద చిన్న కిటికీలోంచి కనిపిస్తాయి. పుల్లీకి అదురును తగ్గించే డ్యాంపర్ ఉండి, దాని బయటి చక్రం రబ్బరుతో అతికి ఉంటే, ఏళ్లు గడిచిన కొద్దీ రబ్బరు జారి గీత పక్కకు జరిగిపోతుంది. లోపల పిస్టన్ ఒక చోట, బయట గీత ఇంకో చోట. పైగా వేరే ఇంజన్ నుంచి తెచ్చిన ఫ్లైవీల్ వేసిన లారీలు తక్కువేమీ కాదు. కాబట్టి ఇంజన్ చరిత్ర తెలియనప్పుడు టాప్‌ను మనమే కనిపెట్టుకోవాలి.

నాజిల్ తీసి ఆ రంధ్రంలోంచి చువ్వ దింపి, పిస్టన్ పైకి రావడం ఆగిన చోటే టాప్ అనుకోవడం సరిపోదు. టాప్ దగ్గర పిస్టన్ దాదాపు నిశ్చలంగా ఉంటుంది. 128 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న ఇంజన్‌లో టాప్‌కు ఐదు డిగ్రీల ముందు పిస్టన్ కిందికి ఉండేది మిల్లీమీటరులో మూడో వంతు మాత్రమే. ఆ కొంచెం తేడాను చువ్వతో చెయ్యి గుర్తించలేదు. ఐదు డిగ్రీల తప్పు అక్కడే దొర్లిపోతుంది. అదే 20 డిగ్రీల దగ్గర పిస్టన్ దాదాపు ఐదు మిల్లీమీటర్లు దిగి ఉంటుంది, కదలిక కూడా వేగంగా ఉంటుంది. అందుకే తెలివైన పద్ధతి మరొకటి ఉంది. డయల్ గేజితోనో, గట్టిగా నిలిపిన కొలతతోనో పిస్టన్ పైకి వస్తూ ఒక నిర్దిష్టమైన లోతుకు చేరినప్పుడు పుల్లీ మీద ఒక గీత గీయాలి. టాప్ దాటి కిందికి దిగుతూ సరిగ్గా అదే లోతుకు వచ్చినప్పుడు ఇంకో గీత గీయాలి. రెండు గీతల నడిమధ్య బిందువే నిజమైన టాప్. నాలుగు వందల మిల్లీమీటర్ల ఫ్లైవీల్ అంచున ఒక డిగ్రీ అంటే మూడున్నర మిల్లీమీటర్లు. సుద్దముక్కతో లావుగా గీసిన గీతే ఒక డిగ్రీని మింగేస్తుంది. సన్నని మొనతో గీయాలి.

చుక్క ఆగే చోటు

ఇప్పుడు అసలు కొలత. దీన్ని స్పిల్ టైమింగ్ అంటారు. పద్ధతి పాతది, పనిముట్లు తక్కువ, ఫలితం మాత్రం నమ్మదగినది.

లారీని న్యూట్రల్‌లో పెట్టి, చక్రాలకు అడ్డు వేసి, బ్యాటరీ తీగ విప్పాలి. పంపు చుట్టూ డీజిల్‌తో కడిగి తుడవాలి. లోపలి భాగాల మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో ఉంటుంది, ఒక ఇసుక రేణువు చాలు పాడుచేయడానికి. పంపు మీద ఒకటో సిలిండర్ పైపు తీసి, డెలివరీ వాల్వు హోల్డర్ విప్పి, లోపలి వాల్వును, స్ప్రింగును తీసి శుభ్రమైన గిన్నెలో డీజిల్‌లో వేయాలి. హోల్డర్ మళ్లీ బిగించి దానికి వంపు తిరిగిన చిన్న గొట్టం తగిలించాలి. ఆపే తీగ లాగి ఉండకూడదు. పంపు ర్యాకు, అంటే ఎంత డీజిల్ ఇవ్వాలో నిర్ణయించే కడ్డీ, డీజిల్ ఇచ్చే స్థానంలో ఉండాలి. ర్యాకు ఆపే స్థానంలో ఉంటే ప్లంజర్ మీది గాడి రంధ్రానికి ఎదురుగా నిలిచి డీజిల్ ధార ఎప్పటికీ ఆగదు. చాలామంది ఇక్కడే చిక్కుకుని పంపు పాడైందనుకుంటారు.

ఇంజన్‌ను అనుకున్న డిగ్రీకి బాగా ముందు నిలిపి, హ్యాండ్ ప్రైమర్, అంటే చేత్తో డీజిల్ నెట్టే చిన్న పంపు, కొడితే గొట్టంలోంచి డీజిల్ ధారగా వస్తుంది. ప్లంజర్ ఇంకా కిందే ఉంది, అది కదిలే గొట్టమైన బ్యారెల్ పక్క రంధ్రం తెరిచే ఉంది. ఇప్పుడు ఒకరు ప్రైమర్ కొడుతుండగా మరొకరు ఇంజన్‌ను అది మామూలుగా తిరిగే దిశలోనే అంగుళం అంగుళంగా తిప్పాలి. ధార సన్నబడుతుంది. తాడులా ఉన్నది దారమవుతుంది, దారం తెగి చుక్కలవుతుంది. చుక్కకూ చుక్కకూ మధ్య ఎడం పెరుగుతుంది. పదిహేను, ఇరవై సెకన్లకు ఒక్క చుక్క పడే స్థితికి వచ్చిందంటే ప్లంజర్ పైకొచ్చి రంధ్రాన్ని మూసేసింది. పంపు నెట్టడం మొదలుపెట్టే క్షణం అదే. అక్కడ చెయ్యి ఆపి పుల్లీ మీద గానీ ఫ్లైవీల్ మీద గానీ డిగ్రీ చదవాలి.

తిప్పుతూ ఆ స్థానాన్ని దాటిపోతే వెనక్కి కొంచెం తిప్పి సరిపెట్టకూడదు. గేర్ల పళ్ల మధ్య ఆట ఉంటుంది. వెనక్కి తిప్పినప్పుడు క్రాంకు కదులుతుంది గానీ పంపు వెంటనే కదలదు, రెండు మూడు డిగ్రీల అబద్ధం కొలతలోకి దూరుతుంది. పావు చుట్టు పూర్తిగా వెనక్కి పోయి, మళ్లీ ముందుకే వస్తూ కొలవాలి. రెండు మూడు సార్లు కొలిచినప్పుడు ఒకే అంకె వస్తేనే ఆ అంకెను నమ్మాలి.

చదివిన అంకె మాన్యువల్ అంకెతో కలిస్తే పని అయిపోయింది. పంపును ముట్టుకోవద్దు, రోగం వేరే చోట ఉంది. కలవకపోతే పంపు వైపు బోల్టులు వదులు చేసి, ఫ్లాంజికి కోలగా ఉన్న రంధ్రాల మేరకు పంపును తిప్పాలి. కప్లింగ్ ఉన్న ఇంజన్లలో కప్లింగ్ దగ్గర సర్దాలి. పంపు శరీరాన్ని దాని షాఫ్టు తిరిగే దిశకు ఎదురుగా తిప్పితే అడ్వాన్స్, అదే దిశలో తిప్పితే రిటార్డ్. ఇంజన్ వైపు, బయటి వైపు అన్న గుర్తు ఒక ఇంజన్‌కు సరిపోయి ఇంకోదానికి తిరగబడుతుంది. షాఫ్టు దిశను గుర్తుపెట్టుకుంటే ఎక్కడా తప్పదు. తిప్పే ముందు మిగతా ఐదు పైపుల నట్లూ వదులు చేయాలి. లేకుంటే బిగుసుకున్న పైపులు పంపును వెనక్కి లాగుతాయి, కొన్నాళ్లకు చీలతాయి. బోల్టులు బిగించాక మళ్లీ చుక్క చూడాలి, ఎందుకంటే బిగింపులోనే పంపు కాస్త జరుగుతుంది. కొలత అయ్యాక తీసిన వాల్వును, స్ప్రింగును తిరిగి పెట్టి, డెలివరీ వాల్వు హోల్డర్‌ను మాన్యువల్‌లో చెప్పిన బిగువుకే బిగించాలి. ఎక్కువ బలం పెడితే బ్యారెల్ వంకరపోయి ప్లంజర్ పట్టేస్తుంది.

అరుగుదలను టైమింగ్‌తో కప్పిపుచ్చితే

నన్ను అన్నిటికంటే బాధపెట్టే సంగతి ఇది. ఎలిమెంట్లు, అంటే ప్లంజర్, బ్యారెల్ జతలు, అరిగిన పంపులో నెట్టిన డీజిల్ కొంత వెనక్కి కారిపోతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి కారడానికి తీరిక ఎక్కువ. ఒత్తిడి ఆలస్యంగా పెరుగుతుంది, ఇంజెక్షన్ ఆలస్యమవుతుంది, ఇంజన్ తొందరగా అందుకోదు. మెకానిక్ నాలుగు డిగ్రీలు అడ్వాన్స్ చేస్తాడు. స్టార్టింగ్ బాగుపడుతుంది, యజమాని సంతోషిస్తాడు. కానీ అదే లారీ హైవే మీద 2,000 దాటి తిరిగేటప్పుడు కారడానికి వ్యవధి ఉండదు. అక్కడ ఆ నాలుగు డిగ్రీలూ పూర్తిగా అదనపు అడ్వాన్స్. నిండు లోడుతో ఎండలో ఘాట్ ఎక్కే ఇంజన్ ఆ దెబ్బను గంటల తరబడి తింటుంది. ఎలిమెంట్లు మార్చడానికి అయ్యే ఖర్చు తప్పించుకున్నామనుకుంటే, మొత్తం ఇంజన్ పని ఖర్చు ఎదురవుతుంది.

పంపు ముందు టైమర్ ఉన్న ఇంజన్లలో ఇంకో మోసం ఉంది. వేగం పెరిగిన కొద్దీ బరువులు విచ్చుకుని ఇంజెక్షన్‌ను కొన్ని డిగ్రీలు ముందుకు జరపడం దాని పని. పైన చెప్పిన మిల్లీసెకనుల లెక్కకు అదే జవాబు. దాని స్ప్రింగులు విరిగినా, బరువులు పట్టేసినా ఆగిన ఇంజన్ మీద తీసే చుక్క కొలత నిక్షేపంగానే ఉంటుంది. లారీ మాత్రం పైవేగంలో లాగదు. ఒకటో పైపుకు సెన్సర్ తగిలించి వెలుగు కొట్టే టైమింగ్ లైటుతో నడుస్తున్న ఇంజన్‌ను చూస్తేనే అది బయటపడుతుంది. ఆ లైటు చూపే అంకె స్పిల్ అంకెతో కలవదు. పైపు ఆలస్యం, నాజిల్ తెరుచుకునే ఆలస్యం అందులో కలిసి ఉంటాయి. రెండు అంకెలనూ ఒకదానితో ఒకటి పోల్చి పంపు తిప్పకూడదు.

చెవితో టైమింగ్ పెట్టే మేస్త్రీల అనుభవం మీద నాకు గౌరవం ఉంది. ఏ సిలిండర్ కొడుతోందో స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి చెప్పగలిగిన వారున్నారు. అయితే వారి చెవికి అలవాటైన డీజిల్ ఇప్పుడు లేదు. బీఎస్-2 కాలంలో 48గా ఉన్న కనీస సీటేన్ సంఖ్య, అంటే డీజిల్ ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పే అంకె, ఇప్పుడు 51. సీటేన్ పెరిగితే డీజిల్ తొందరగా అంటుకుంటుంది, కొట్టుకునే శబ్దం తగ్గుతుంది. పాత రోజుల గరుకు శబ్దం వచ్చేదాకా పంపును తిప్పితే, ఆ శబ్దం వినిపించే సరికి టైమింగ్ హద్దు దాటిపోయి ఉంటుంది. చెవి అనుమానాన్ని పుట్టించడానికి పనికొస్తుంది, అంకెను మాత్రం చుక్కే చెప్పాలి.

లారీ యజమానులు షెడ్డులో అడగవలసింది ఒక్కటే: విప్పక ముందు టైమింగ్ ఎన్ని డిగ్రీలుంది? విప్పే ముందు ఫ్లాంజి మీద, ఇంజన్ మీద కలిపి సన్నని గీత కొట్టించండి. ముందు అంకె, తర్వాత అంకె, నాజిల్ ఒత్తిడి, తేదీ లారీ కాగితాలతో పాటు ఉంచండి. పని అయ్యాక ఖాళీ లారీతో షెడ్డు చుట్టూ తిరిగి తృప్తిపడకుండా, మామూలు లోడుతో మామూలుగా వెళ్లే దారిలోనే ఒకసారి నడిపి చూడండి. రెండు మూడు ట్రిప్పుల తర్వాత పంపు బోల్టుల బిగువు ఒకసారి సరిచూసి, గీత కదిలిందేమో చూసుకోవాలి.